రాయపురం స్టేషను, బాన్సువాడ ప్రశ్న

నేను పదేళ్లుగా తరగతిలో చెబుతూ వచ్చిన వాక్యం ఒకటి ఈ మధ్య నాకే ఎదురు తిరిగింది.

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక సాహిత్యపు నేపథ్యం చెబుతున్నాను. అచ్చుయంత్రం, ఇంగ్లీషు చదువు, రైలు తెలుగుదేశంలోకి ఎట్లా వచ్చాయో వివరిస్తూ, "రైలు ప్రజలకోసం రాలేదు, దోపిడీకోసం వచ్చింది" అన్నాను. ఎం.ఏ. చదివిన రోజులనుంచీ అంటున్న మాట ఇది. నా గురువులూ అన్నారు. అబద్ధమూ కాదు. అయితే వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. నిజాంసాగర్ కాలువ కింద రెండెకరాల వరి పొలం ఉన్న రైతు కొడుకు. "సార్, మన బాన్సువాడకు దోపిడి చేసేటందుకు గూడ రైలు రాలేదు గద. మరి మనం మంచిగున్నమా?" అన్నాడు.

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. గంట కొట్టారు గనక బతికిపోయాను. కాని ఆ ప్రశ్న గంటతో పోలేదు.

బాన్సువాడకు రైలు లేదన్న సంగతి ఈ ప్రాంతం ఎరగని పాఠకులకు చెప్పాలి. రైలెక్కాలంటే బస్సులో కామారెడ్డికో నిజామాబాదుకో పోవాలి. దగ్గరగా ఉన్న పట్టాలు బోధనులో ఉన్నాయి. జానకంపేట దగ్గర పెద్ద లైనునుంచి విడివడి బోధనుకు వచ్చి ఆగిపోయిన చిన్న కొమ్మ అది. బోధన్ నుంచి మా ఊరి మీదుగా బీదరు దాకా లైను వెయ్యాలనే కోరిక పాతది. సర్వేల మాట కూడా అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం.

మా తాత రైలును మొదట చూసింది బోధనులోనే. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి ఆయన తన వయసులో ఎడ్లబండి మీద చెరుకు తోలాడు. ఆయన చెప్పేవాడు: "చెరుకు మేం బండ్లల్ల తెచ్చినం. చక్కెర రైలెక్కి పోయింది. మేం మల్ల బండ్లల్లనే వాపసొచ్చినం." ఆర్థికశాస్త్రంలో ఎన్ని గ్రంథాలు చదివినా ఇంతకన్న సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆయన స్వయంగా రైలెక్కింది అరవై దాటిన తర్వాత, బాసర యాత్రకు. ఆ ప్రయాణంలో కిటికీ దగ్గర కూర్చుని, మాట్లాడకుండా, చేతిలో టిక్కెట్టు నలిగిపోయేదాకా పట్టుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. రైలు మీద ఆయనకు కోపం లేదు. తనకు చోటు దొరకలేదన్న బాధ ఉంది. ఈ రెండింటికీ ఉన్న తేడా నా వాక్యంలో లేదు.

ఆ వేసవిలో ఒక సాహిత్య సభకు చెన్నై వెళ్లవలసి వచ్చింది. సభ ముగిసిన మర్నాడు రాయపురం వెళ్లాను. దక్షిణదేశంలో మొదటి ప్రయాణికుల రైలు బయలుదేరింది అక్కడినుంచే. తెలుగునేల మీద పడిన తొలి పట్టాలకు మొదలు కూడా అదే. ఆ కుర్రవాడి ప్రశ్నకు పుట్టుచోటు ఏదన్నా ఉంటే అక్కడే ఉండాలనిపించింది.

మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లున్న స్తంభాలు, ఎర్ర గోడలు, దొరల క్లబ్బుకు ఉండవలసిన ముఖద్వారం. బొంబాయి, ఠాణాల్లో 1853 నాటి మొదటి స్టేషను భవనాలు మిగలలేదు గనక, దేశంలో నిలిచివున్న స్టేషను కట్టడాల్లో ఇదే పాతదని అంటారు. దీన్ని 1856 జూన్ 28న మద్రాసు గవర్నరు లార్డ్ హారిస్ ప్రారంభించాడు. జూలై 1న ఇక్కడినుంచి వాలాజా రోడ్డు దాకా, అంటే సుమారు నూరు కిలోమీటర్లు, బళ్లు నడవడం మొదలైంది. 1873లో సెంట్రల్ స్టేషను వచ్చింది. 1907 తర్వాత ప్రధానమైన బళ్లన్నీ అక్కడికే పోయాయి. 1922 దాకా రైల్వే ప్రధాన కార్యాలయం మాత్రం రాయపురంలో ఉండి, ఆ తర్వాత అదీ కదిలిపోయింది. 2005లో కట్టడాన్ని బాగుచేసి మళ్లీ ప్రారంభోత్సవం చేశారు. సబర్బను బళ్లు ఆగుతాయి. జనం దిగుతారు, ఎక్కుతారు, ఆ స్తంభాల వంక ఎవరూ చూడరు. దూరదేశాలకు సాగనంపిన స్టేషను, ఈ పేటనుంచి ఆ పేటకు పోయేవాళ్ల మజిలీ అయింది.

తెలుగు పంతులును గనక, అక్కడ నిలబడగానే నాకు ఇంజను గుర్తుకు రాలేదు, ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొచ్చాడు. రాయపురాన్ని ఆనుకుని ఉన్న తండయార్‌పేటే ఆయన ఉన్న చోటు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో సపరివారంగా కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. కడప, హైదరాబాదు, నిర్మల దారిన ఉత్తరానికి నడిచిన యాత్ర అది. పదహారు నెలలు పట్టింది. ఏ ఊళ్లో ఏమి దొరుకుతుందో, ఏ దారి ఎట్లా ఉందో, ఎక్కడి జనం ఏం తింటారో రాసుకుంటూ పోయాడు. ఆయన 1836లో చనిపోయాక, 1838లో ఆ రాతలు 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆయన పల్లకీ కదిలిన పేట పక్కనుంచే, ఇరవై ఆరేళ్ల తర్వాత, పొగబండి కదిలింది.

ఇక్కడ పాతకాలపు దారుల మీద మోజుతో నిట్టూర్పు విడవడం తేలిక. నేను విడవదలుచుకోలేదు. వీరాస్వామయ్య పల్లకీలో పోయాడు. మోసింది బోయీలు. ఆ పదహారు నెలల దారీ వాళ్ల భుజాల మీద సాగింది. మనకు దక్కింది ఎక్కినవాడి పుస్తకం. మోసినవాళ్ల పుస్తకం లేదు. రైలు ఆ భుజాలను కొంతవరకయినా దించిందని ఒప్పుకోకుండా, దోపిడీ అన్న ఒక్కమాటతో సరిపెట్టడం అభ్యుదయదృష్టి కాదు. ఆ మాట అంటూ వచ్చిన నేను ఏనాడూ మోసిన వంశంలోనుంచి ఆలోచించలేదు.

అయితే దోపిడీ అన్నమాట అబద్ధమా? ఆ స్తంభాలు ఎవరి డబ్బుతో లేచాయో చూద్దాం.

మద్రాసు రైల్వే కంపెనీ లండనులో పుట్టింది. అక్కడి మదుపుదారులు వాటాలు కొన్నారు. వాళ్ల పెట్టుబడి మీద సాలీనా సుమారు 5 శాతం వడ్డీ తప్పకుండా ముట్టుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. భూమి ఉచితంగా ఇచ్చింది. బళ్లు నడిచి లాభం వస్తే కంపెనీకి పాలు. రాకపోతే తరుగును ఇండియా ఖజానానుంచి పూడ్చాలి. ఆ ఖజానా నిండేది ప్రధానంగా రైతు కట్టే శిస్తుతో. పొగబండి మొహం ఎన్నడూ చూడని రైతు కూడా దానికి వడ్డీ కట్టాడన్నమాట. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు మొదలైనవాళ్లు ఈ ఏర్పాటునే వేలెత్తి చూపారు. నష్టం వస్తే తనది కాదన్న ధీమా ఉన్నవాడికి పొదుపు ఎందుకుంటుంది? నేను మెచ్చుకున్న ఆ స్తంభాల ఠీవిలో ఆ ధీమా కూడా ఉంది.

అక్కడినుంచి లైను మన వైపు మళ్లింది. అరక్కోణం దగ్గర వాయవ్యానికి తిరిగి, రేణిగుంట, రాజంపేట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా 1871లో రాయచూరు చేరి, బొంబాయినుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. రాయలసీమ ఎర్రనేలల మీదుగా, నల్లరేగళ్లలోని పత్తి అందేట్టుగా వేసిన దారి అది. లైను పూర్తయిన ఐదేళ్లకే ధాత కరువు వచ్చింది.

1876–78 నాటి ఆ కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. దక్షిణాదిని, దక్కనును కలిపి బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. ఆ రోజుల్లో రైలు రెండు పనులూ చేసింది. సముద్రం మీదుగా మద్రాసులో దిగిన ధాన్యాన్ని కరువు జిల్లాలకు మోసింది. అది లేకుంటే ఇంకెందరో పోయేవాళ్లు. అదే రైలు, ఎక్కడ ధర ఎక్కువుంటే అక్కడికి గింజలను లాక్కుపోయే వ్యాపారికి వాహనమయింది. పూర్వం కరువులో గ్రామాల్లో గింజలుండేవి కావు. ఇప్పుడు గింజలు స్టేషనులో ఉన్నా, కొనే శక్తి లేక మనిషి స్టేషను బయట చచ్చిపోయాడు. కరువు పనుల్లో కూలికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక్క పౌను ధాన్యం సరిపోతుందని 1877లో రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. అది ప్రాణం నిలపదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిషు పోట్లాడి, ఆ కూలిని కొంత పెంచగలిగాడు. రైలు గింజను తేగలిగింది. ఎవరికి ఎంత అన్నది రైలు నిర్ణయించలేదు. అది చొక్కా గుండీలు పెట్టుకున్న మనుషులు కాగితం మీద నిర్ణయించారు.

ఇదే సమయంలో ఆర్థర్ కాటన్ మరో వాదం వినిపిస్తున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఈయన, ఈ దేశానికి రైళ్లకన్న కాలువలు మేలని ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు వాదించాడు. కాలువ పంటకు నీరిస్తుంది, పడవకు దారి ఇస్తుంది, ఖర్చూ తక్కువ. గోదావరి జిల్లాల వారు ఆయన్ను ఈనాటికీ దేవుడిలా చూసుకోవడానికి కారణం ఉంది. మా ఊరిది ఈ విషయంలో విచిత్రమైన స్థితి. కాటన్ కోరిన సగం మాకు దొరికింది. 1923లో మొదలయి 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను మా పొలాలకు తెచ్చింది. వరి పండింది, చెరుకు పండింది. రెండో సగం, పండించింది బయటికి పోయే దారి, ఫ్యాక్టరీ ఉన్న బోధనుకు వచ్చి ఆగింది. చక్కెరకు ఒక దారి కావాలని ఆనాటి ప్రభుత్వానికి తోచింది. చెరుకు నరికినవాళ్లకు కూడా ఒకటి కావాలని తోచలేదు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

రాయపురం ప్లాట్‌ఫారం మీది బల్ల మీద కూచుని, 1853లో మార్క్సు ఒక అమెరికన్ పత్రికకు రాసిన వ్యాసం గురించి ఆలోచించాను. ఆ ఏడు జూన్‌లోనే మద్రాసు లైను పని మొదలయింది. ఆగస్టులో ఆ వ్యాసం అచ్చయింది. పత్తి చవకగా తోలుకుపోవడానికే మిల్లు యజమానులు ఇండియాలో రైళ్లు వేస్తున్నారని అందులో ఆయన స్పష్టంగా అన్నాడు. మేం తరగతుల్లో చెప్పేది ఈ భాగమే. కాని వాదం అక్కడ ఆగదు. ఇనుమూ బొగ్గూ ఉన్న దేశంలో ఒకసారి ఇంజను నడిచాక, దాన్ని తయారుచేసే విద్య ఆ దేశానికి రాకుండా ఎవరూ ఆపలేరన్నాడు. అయితే ఆ ఫలం జనానికి దక్కాలంటే బ్రిటనులో కార్మికులు అధికారానికి రావాలి, లేదా ఇక్కడి ప్రజలే బలపడి ఆ కాడిని విసిరిపారెయ్యాలి అన్నాడు. అంటే రైలు మంచిదా చెడ్డదా అని కాదు అసలు ప్రశ్న, పట్టాలు ఎవరి అధీనంలో ఉన్నాయన్నది. 1909లో గాంధీజీ 'హింద్ స్వరాజ్'లో రైలును చీడగా వర్ణించాడు. కాని దేశాన్ని తెలుసుకోవడానికి ఆయన ఎక్కింది మూడో తరగతి పెట్టెనే. మా తాతకు ఈ ఇద్దరూ తెలియరు. టిక్కెట్టును నలిగిపోయేదాకా పట్టుకున్న ఆయన చెయ్యి మాత్రం ఈ వైరుధ్యాన్ని ఎరుగును.

మన జనం రైలెక్కరని మొదట్లో అనుమానపడిన దొరలున్నారు. జనం ఎక్కారు. కింది తరగతి పెట్టెల్లో కిక్కిరిసి, చాలాకాలం మరుగుదొడ్డి కూడా లేని పెట్టెల్లో, అవమానాలు పడుతూ ఎక్కారు. ప్రయాణికులమీద కంపెనీలకు వచ్చిన రాబడిలో ఎక్కువ భాగం ఆ మూడో తరగతిదే. వాళ్లకోసం కట్టని స్టేషనును వాళ్లే నిలబెట్టారు.

ఇక మా నిజాం రాజ్యపు కథ. దీన్ని మన సాహిత్య చరిత్రల్లో చెప్పవలసినంత చెప్పడం లేదు. రాయచూరు లైను పడ్డ కొద్దికాలానికే, 1874లో, వాడినుంచి సికింద్రాబాదుకు నిజాం ఖర్చుతో రైలు వచ్చింది. నిజాం డబ్బు, సాలార్‌జంగు పూనిక. తొలి ప్రయోజనం మాత్రం ఇంగ్లీషు కంటోన్మెంటుది. తర్వాత ఆ లైనును తూర్పుగా పొడిగించడానికి, చాందా వైపు మరొకటి వెయ్యడానికి లండను కంపెనీ చేతికి అప్పగించే ఏర్పాటు జరిగింది. పెట్టుబడికి 20 సంవత్సరాలపాటు సాలీనా 5 శాతం హామీ. రాయపురం స్తంభాలను లేపిన మంత్రమే ఇక్కడా పనిచేసింది.

అయితే హైదరాబాదులో ఒక కొత్త సంగతి జరిగింది. 1883లో కొందరు పౌరులు కూడి, ఈ ఒప్పందపు కాగితాలు ప్రజలముందు పెట్టండి, జనం ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వండి అని అడిగారు. అఘోరనాథ చటోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం అందులో ముఖ్యులు. అఘోరనాథుడు సరోజినీనాయుడు తండ్రి, హైదరాబాదులో ఇంగ్లీషు చదువుకు పునాది వేసిన ఉపాధ్యాయుడు. ఆ పాపానికి ఆయన్ను రాజ్యంనుంచి వెళ్లగొట్టారు. హైదరాబాదు రాజ్యంలో ఆధునికమైన ప్రజాభిప్రాయం మొదటిసారి నోరు విప్పింది ఈ రైలు విషయంలోనేనని చరిత్రకారులు చెబుతారు. వాళ్లు రైలు వద్దనలేదు. లెక్క చూపించమన్నారు.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. రైలు కావాలనేవాళ్లు ఒక పక్క, దోపిడీ అనేవాళ్లు ఒక పక్క నిలబడి వాదించుకుంటుంటే, ఆ పౌరులు మూడో మాట అన్నారు. ఆ మాట అన్నందుకే దేశబహిష్కారం వచ్చింది. స్తుతిని ప్రభువు భరిస్తాడు, నిందనూ కొంత భరిస్తాడు. లెక్క అడిగితే మాత్రం భరించడు.

లెక్క చూపకుండానే పనులు సాగాయి. 1886కి వరంగల్లు ప్రాంతానికి, 1889కి బెజవాడకు లైను చేరింది. దారిలో సింగరేణి బొగ్గు దొరికింది. ఆ గనుల కంపెనీ వాటాల బాగోతం మీద 1888లో ఇంగ్లండు పార్లమెంటే విచారణ సంఘం వెయ్యవలసి వచ్చింది. 1899, 1901 మధ్య సికింద్రాబాదునుంచి మన్మాడు దాకా మీటరు గేజి లైను పడింది. కామారెడ్డి, నిజామాబాదులు దాని మీద ఉన్నాయి. మేం పక్కకు పడ్డాం. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీనుంచి కొనేసింది. 1951లో అది భారతీయ రైల్వేలో కలిసింది. యజమాని మూడుసార్లు మారాడు, పట్టాల గీత మాత్రం ఎక్కువ మారలేదు.

రైలు మా ఊరికి రాలేదు. కాని మా ఊరు రైలుకు పోయింది. ఆ మన్మాడు దారినే బొంబాయికి, భివండి మగ్గాలకు, అక్కడినుంచి దుబాయికి మా ప్రాంతంలో ఎన్ని కుటుంబాలు చెదిరాయో తరగతిలో చేతులెత్తమంటే తెలుస్తుంది. చక్కెరకు బదులు మనుషులు ఎగుమతి అయ్యారు. పట్టాలు లేకపోతే దోపిడీ ఆగదు, కామారెడ్డి దాకా బస్సులో పోయి ఎక్కుతుంది. కుర్రవాడి ప్రశ్నలో ఉన్నది ఇదే.

సెలవుల తర్వాత తరగతిలో నా వాక్యాన్ని దిద్దుకున్నాను. "రైలు దోపిడీకోసం వచ్చింది అని నేను చెప్పింది సగం మాట. రెండో సగం మీరు నాతో చెప్పించారు" అన్నాను. 1883 నాటి సంగతి వివరంగా చెప్పాను. ఆ కుర్రవాడు ఊరుకోలేదు. "సార్, రైలు రావాల్నని మేం గూడ దరఖాస్తు రాస్తం. కాని లైను మా పొలంల నుంచి పోతె?" అన్నాడు. అతని గొంతులో అప్పుడు నవ్వు లేదు. కాలువ కింద రెండెకరాలు పోతే ఆ ఇంటికి ఇంకేమీ ఉండదు. స్టేషను కావాలి, పొలమూ కావాలి. దీనికి సిద్ధాంతం ఇచ్చే జవాబు నా దగ్గర లేదు. లేదనే చెప్పాను.

దరఖాస్తు రాశారు. నన్ను దిద్దిపెట్టమన్నారు. నేను అలవాటుకొద్దీ అక్షరదోషాలు చూడబోయి, చదవడంలో పడిపోయాను. మామూలుగా ఇట్లాంటి వాటిలో "మా ప్రాంత చిరకాల స్వప్నం" అని ఉంటుంది. వీళ్ల కాగితంలో స్వప్నం లేదు. ఏ ఊళ్ల భూమిలోంచి లైను వెయ్యాలనుకుంటున్నారు? ఎకరానికి ఎంత ఇస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు? కౌలు రైతుకు ఏమిస్తారు? వడ్లు ఎక్కించే చోటు ఏ స్టేషనులో ఉంటుంది? పొద్దున్నే నిజామాబాదు ఆసుపత్రికి పోయి సాయంత్రానికి ఇల్లు చేరే పాసింజరు ఉంటుందా? సర్వే కాగితాలు ఊళ్లో అందరికీ కనిపించేచోట తెలుగులో అంటిస్తారా?

చివరి ప్రశ్నలో 'అంటిస్తారా' అన్న మాటను కొట్టేసి 'ప్రకటించగలరా' అని రాయబోయి ఆగాను. వాళ్ల మాటే ఉంచాను. కింద నలభై రెండు సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి. వేలిముద్రలు ఎవరివని అడిగాను. "మా నాయనమ్మది ఒకటి సార్" అన్నదొక అమ్మాయి. "ఇంకోటి పక్కింటామెది. ఆమె ఎన్నడు రైలెక్కలే."